స్కోరు పెరగడం వేరు, పని మారడం వేరు

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం "కంపెనీల ఈఎస్‌జీ పనితీరును ఏవి నిర్ణయిస్తాయి?" అని. పర్యావరణం, సమాజం, పాలన, ఈ మూడింటికీ కలిపి పెట్టిన పొట్టి పేరు ఈఎస్‌జీ. 2004లో ఐక్యరాజ్య సమితి గ్లోబల్ కాంపాక్ట్ తెచ్చిన ఒక నివేదికతో ఈ పేరు వాడుకలో పడింది. అప్పటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పెద్ద ఆర్థిక సంస్థల అధిపతులను పిలిచి, పెట్టుబడి పెట్టేటప్పుడు ఈ మూడు సంగతులూ ఎలా చూడాలో మీరే తేల్చండి అన్నారు. అంటే ఈ మాట పర్యావరణ ఉద్యమంలో పుట్టలేదు, కార్మికుల సభల్లోనూ పుట్టలేదు. డబ్బు పెట్టేవాళ్ల బల్ల మీద పుట్టింది. ఆ పోలిక దానికి ఇప్పటికీ పోలేదు. కంపెనీ వల్ల లోకానికి ఎంత నష్టం అన్నదానికన్నా, లోకంలో జరిగేవాటి వల్ల కంపెనీకి ఎంత రిస్క్ అన్నదాన్నే, కంపెనీలకు ఈఎస్‌జీ మార్కులు వేసే సంస్థల రేటింగులు చాలావరకు కొలుస్తాయి. ఈ తేడా మనసులో పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

2015 సెప్టెంబరులో జరిగింది చెబుతాను. ఈ విషయాల్లో ముందున్న కంపెనీలను ఎంచి జాబితా వేసే డౌ జోన్స్ సస్టెయినబిలిటీ ఇండెక్స్ ఆ ఏడాది కార్ల పరిశ్రమ మొత్తంలో అగ్రస్థానం ఫోక్స్‌వ్యాగన్‌కు ఇచ్చింది. కొద్ది రోజులు తిరక్కుండానే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రం పొగ తగ్గించి చూపించే సాఫ్ట్‌వేర్‌ను డీజిల్ కార్లలో పెట్టారని. ప్రపంచం మొత్తం మీద అలాంటి కార్లు సుమారు 1.1 కోట్లు. ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల వాసన అంటారు చూడండి, అలా అయింది. తర్వాత ఇండెక్స్ నుంచి పేరు తీసేశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరగడం రేటింగుల లోకంలో కొత్తేమీ కాదు.

నేను ఈ కథ చెప్పింది రేటింగులను వెక్కిరించడానికి కాదు. మనకిచ్చిన ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయని చెప్పడానికి. కంపెనీ స్కోరు ఎందుకు పెరుగుతుంది అనేది ఒకటి. కంపెనీ చేసే పని ఎందుకు మారుతుంది అనేది రెండోది. పరిశోధనా పత్రాల్లో చాలావరకు మొదటిదానికి జవాబు చెప్పి, రెండోదానికి చెప్పామనుకుంటాయి. ఎందుకంటే స్కోరు అంకెల్లో దొరుకుతుంది. పని దొరకదు.

ఆ స్కోరయినా నిలకడగా ఉందా అంటే, అదీ లేదు. ఫ్లోరియన్ బెర్గ్, జూలియన్ కోల్బెల్, రొబెర్తో రిగోబోన్ అనే ముగ్గురు పరిశోధకులు ఆరు రేటింగ్ సంస్థలిచ్చిన మార్కులను పక్కపక్కన పెట్టి చూసి 2022లో ప్రచురించారు. ఆ సంస్థల మధ్య సగటు కోరిలేషన్ 0.54. పూర్తిగా ఏకీభవిస్తే అది 1 కావాలి. అప్పు తీర్చే స్తోమతకు ఇచ్చే క్రెడిట్ రేటింగుల్లో ఇది 0.9కి పైనే ఉంటుంది. తేడా ఎక్కడొస్తోందని వాళ్లు విడదీశారు. దేనికెంత వెయిటేజీ ఇవ్వాలన్న గొడవ 6 శాతమే. ఏయే అంశాలు లెక్కలోకి తీసుకోవాలన్నది 38 శాతం. మిగిలిన 56 శాతం ఒకే అంశాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు కొలవడం. ఒకరు ఉద్యోగుల భద్రతను ప్రమాదాల సంఖ్యతో కొలుస్తారు, ఇంకొకరు భద్రతా విధానం అనే కాగితం ఉందా లేదా అని చూస్తారు. రెంటికీ పేరు "భద్రత"నే.

నేను కొన్నేళ్లు, రేటింగ్ సంస్థలు పంపే ప్రశ్నావళులకు కంపెనీ తరఫున జవాబులు నింపే బృందంలో పనిచేశాను. ఒకసారి "మీకు మానవ హక్కుల విధానం ఉందా?" అన్న ప్రశ్న వచ్చింది. లేదు. వారం రోజుల్లో రెండు పేజీల విధానం తయారైంది, బోర్డు ఆమోదించింది, వెబ్‌సైట్‌లో పెట్టాం. తర్వాతి ఏడాది ఆ అంశంలో మార్కులు పెరిగాయి. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక్క మనిషి జీవితంలోనూ వీసమెత్తు మార్పు రాలేదు. ఆ రెండు పేజీలు రాసింది నేనే, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. (నవ్వులు)

సరే, కారణాల్లోకి వద్దాం. ముందు తేలిగ్గా తెలిసేవి.

కంపెనీ ఏ వ్యాపారంలో ఉంది అన్నదే చాలావరకు నిర్ణయిస్తుంది. సిమెంటు తయారీనే తీసుకోండి. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 7 నుంచి 8 శాతం దానివే. అందులో సగానికి పైగా బొగ్గు కాల్చడం వల్ల వచ్చేది కాదు. సున్నపురాయిని వేడి చేస్తే సున్నంతో పాటు కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది, అది రసాయన ధర్మం. కంపెనీ అధినేత ఎంత మంచివాడైనా, పైకప్పు నిండా సోలార్ పలకలు పరిచినా ఆ భాగం అలాగే ఉంటుంది. పక్కనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏ ప్రయత్నమూ లేకుండా పచ్చగా కనిపిస్తుంది. అందుకే రేటింగ్ సంస్థలు ఒకే పరిశ్రమలోని వాటిని వాటితోనే పోలుస్తాయి. అది న్యాయమే. కానీ దానివల్ల చమురు కంపెనీకి మంచి మార్కులు, బ్యాటరీ కార్ల కంపెనీకి తక్కువ మార్కులు రావచ్చు. 2022 మే నెలలో ఎస్‌అండ్‌పీ 500 ఈఎస్‌జీ ఇండెక్స్ నుంచి టెస్లాను తీసేసి, ఎక్సాన్‌మొబిల్‌ను ఉంచినప్పుడు జనం నోరు వెళ్లబెట్టారు. తీసేయడానికి చెప్పిన కారణాల్లో జాతి వివక్ష ఆరోపణలు, ఫ్యాక్టరీలో పని పరిస్థితులు కూడా ఉన్నాయి. ఒక్క అంకెలో మూడు వేరువేరు సంగతులు కుక్కితే ఇలాగే ఉంటుంది.

రెండోది సైజు. పెద్ద కంపెనీలకు మార్కులు ఎక్కువ. దీన్ని చాలామంది పరిశోధకులు చూపించారు. పెద్దవాళ్ల మీద అందరి కళ్లూ ఉంటాయి కాబట్టి జాగ్రత్తగా ఉంటారు అనేది ఒక వివరణ. ప్రశ్నావళులు నింపడానికి వాళ్ల దగ్గర నాలాంటి మనుషులుంటారు అనేది రెండో వివరణ. నేను రెండోదానికే ఎక్కువ మొగ్గుతాను.

మూడోది చేతిలో డబ్బు ఆడటం. 1997లో వాడాక్, గ్రేవ్స్ అనే ఇద్దరు చేసిన అధ్యయనం ఈ విషయంలో బాగా పేరున్నది. లాభాలు బాగా వచ్చిన కంపెనీలు తర్వాత సామాజిక పనితీరులో మెరుగుపడ్డాయి, సామాజిక పనితీరు బాగున్నవాటికి తర్వాత లాభాలూ బాగున్నాయి. ఏది ముందు, ఏది వెనక అని విడదీయడం కష్టమన్నమాట. కడుపు నిండిన బేరాలు ఇందులో చాలా ఉంటాయి. వ్యాపారం దెబ్బతిన్న ఏడాది మొదట కోత పడేది ట్రైనింగ్ బడ్జెట్‌కు, ఆ తర్వాత మెయింటెనెన్స్‌కు. ఆ రెండూ ఈఎస్‌జీ అని ఎవరూ అనుకోరు. ప్రమాదం జరిగాక అనుకుంటారు.

ఇక దేశం, చట్టం. 2017లో లియాంగ్, రెనెబూగ్ అనే ఇద్దరు అనేక దేశాల కంపెనీలను పోల్చి ఒక ఆసక్తికరమైన విషయం చెప్పారు. కంపెనీ పుట్టిన దేశం న్యాయ వ్యవస్థ ఏ సంప్రదాయానిది అన్నది, కంపెనీ సొంత లక్షణాల కన్నా, వాటాదారుల కూర్పు కన్నా బలంగా దాని సామాజిక స్కోరును సూచిస్తోందట. బ్రిటిష్ సంప్రదాయంలోని దేశాల కన్నా, రాసిపెట్టిన నియమావళి మీద నడిచే యూరప్ సివిల్ లా దేశాల కంపెనీలు మెరుగు. అందులోనూ స్కాండినేవియా మరీ మెరుగు. చిత్రమేమీ లేదు. ముందుగా నియమాలు పెట్టే చోట కంపెనీ ముందే సర్దుకుంటుంది. నష్టం జరిగాక కోర్టుకెళ్లి పరిహారం తెచ్చుకోండి అనే చోట కంపెనీ లాయర్లను పెట్టుకుంటుంది.

చట్టం గురించి మాట్లాడితే జరిమానాలు, నిషేధాలే గుర్తొస్తాయి. నన్ను బాగా ఆకట్టుకున్న చట్టంలో అవేవీ ముఖ్యం కాదు. దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

1984 డిసెంబరులో భోపాల్ విషాదం జరిగింది. మరుసటి ఏడాది ఆగస్టులో అదే యూనియన్ కార్బైడ్‌కు అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఉన్న ప్లాంటులో కూడా విషవాయువు లీకై జనం ఆస్పత్రి పాలయ్యారు. మన పక్కనున్న ఫ్యాక్టరీలో ఏముందో మనకు తెలియదే అన్న భయం అమెరికన్లకు పట్టుకుంది. 1986లో వాళ్లు ఒక చట్టం చేశారు. ఫలానా విష రసాయనాలను ఏడాదికి ఎన్ని పౌండ్లు గాలిలోకి, నీటిలోకి, నేలలోకి వదిలారో ప్రతి ఫ్యాక్టరీ ప్రభుత్వానికి చెప్పాలి, ప్రభుత్వం దాన్ని అందరికీ తెలిసేలా పెట్టాలి. అంతే. ఇంతకు మించి వదలకూడదు అన్న పరిమితేదీ ఆ నమోదులో లేదు. దాని పేరు టాక్సిక్స్ రిలీజ్ ఇన్వెంటరీ.

1989లో మొదటి అంకెలు బయటికొచ్చాయి. పత్రికలు కాలుష్యంలో ఎవరు మొదటి స్థానం, ఎవరు రెండో స్థానం అని జాబితాలు వేశాయి. షేర్ మార్కెట్ కదిలింది. జేమ్స్ హామిల్టన్ అనే పరిశోధకుడి లెక్క ప్రకారం, ఆ జాబితాలో ఉన్న కంపెనీల వాటాల విలువ అంకెలు వెలువడిన రోజున సగటున 41 లక్షల డాలర్లు పడిపోయింది. తర్వాత కోనార్, కోహెన్ అనే ఇద్దరు చూసినదేమిటంటే, షేరు ధర ఎక్కువగా పడిన కంపెనీలే ఆ తర్వాతి ఏళ్లలో ఉద్గారాలు ఎక్కువగా తగ్గించాయి. రసాయనాల కంపెనీ మోన్శాంటో అయితే అంకెలు జనానికి చేరకముందే, 1988లోనే, గాలిలోకి వదిలే విష రసాయనాలను 90 శాతం తగ్గిస్తామని ప్రకటించింది. సొంత ఫ్యాక్టరీల లెక్క మొత్తం కూడి చూసుకోవడం పై అధికారులకు అదే మొదటిసారి అయ్యుండాలని నా ఊహ. అప్పటిదాకా ఆ అంకె ఎవరో ఒక ఇంజనీరు సొరుగులో ఉండేది. కూడికకు మించిన సంస్కరణ అప్పుడప్పుడూ ఉండదు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ తర్వాత మరికొందరు పరిశోధకులు తవ్వి, ఆ తగ్గుదలలో కొంత కాగితాల మీది తగ్గుదలేనని తేల్చారు. ఫలానాదాన్ని వ్యర్థం అనకుండా వేరే పేరుతో రాస్తే ఆ పౌండ్లు జాబితాలోంచి మాయం. మళ్లీ అదే: స్కోరు, పని. ఒకే చట్టం రెంటినీ కదిలించింది. ఎవరికి ఏది సులభమైతే వాళ్లు అది చేశారు.

ఇప్పుడు ఐరోపా సమాఖ్య, ఇంకా అనేక దేశాలు వెల్లడి నియమాలను చాలా దూరం తీసుకెళ్లాయి. ప్రపంచానికంతా ఒకే కొలత ఉండాలని 2023 జూన్‌లో అంతర్జాతీయ సుస్థిరతా ప్రమాణాల మండలి (ఐఎస్ఎస్‌బీ) రెండు ప్రమాణాలు తెచ్చింది. అది ఇన్వెస్టర్‌కు ఏది ముఖ్యమో దాన్నే అడుగుతుంది. ఐరోపా నియమాలు, లోకం మీద కంపెనీ ప్రభావం కూడా చెప్పాలంటాయి. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న తేడా ఇదే. మళ్లీ 2025లో ఐరోపాయే, కంపెనీలకు భారం ఎక్కువైందని, ఆ నియమాలను కుదించే పనిలో పడింది.

ఇప్పుడు ఓనర్ల దగ్గరికి వద్దాం. కంపెనీ ఎవరిది అనే ప్రశ్నకు రావలసినంత ప్రాధాన్యం రాదని నా ఫిర్యాదు.

డెన్మార్క్‌లో ఓర్స్టెడ్ అనే విద్యుత్ కంపెనీ ఉంది. పాత పేరు డాంగ్ ఎనర్జీ. ఒకప్పుడు దాని ఉత్పత్తిలో 85 శాతం బొగ్గు వంటి శిలాజ ఇంధనాల నుంచి, 15 శాతం పునరుత్పాదక వనరుల నుంచి. ఈ రెండు అంకెలనూ 2040 కల్లా తారుమారు చేస్తామన్నారు. 2019కే చేసి చూపించారు. అంత ఓపిక ఎక్కడిది? ఆ కంపెనీలో సగానికి పైగా వాటా డెన్మార్క్ ప్రభుత్వానిది. మూడు నెలలకోసారి షేరు ధర చూసి హడావుడి చేసే యజమాని కాదు. అలాగని ప్రభుత్వ యాజమాన్యమే మంత్రమని అనుకోకండి, ప్రపంచంలో పెద్ద పెద్ద బొగ్గు, చమురు కంపెనీలు కూడా ప్రభుత్వాలవే. యజమానికి ఏం కావాలన్నదే సంగతి. ఓర్స్టెడ్‌కూ తర్వాత కష్టాలొచ్చాయి. వడ్డీలు, ఖర్చులు పెరిగి 2023 చివర్లో అమెరికాలో రెండు పెద్ద సముద్రపు గాలిమరల ప్రాజెక్టులను వదిలేసింది.

దీనికి ఎదురుగా డానోన్‌ను పెట్టి చూడండి. ఆ ఫ్రెంచ్ ఆహార కంపెనీ 2020లో లాభంతో పాటు సామాజిక లక్ష్యాలను కూడా తన నిబంధనావళిలో రాసుకుంది. వాటాదారులు భారీ మెజారిటీతో ఓటేశారు. ఏడాది తిరగకముందే, 2021 మార్చిలో, ఆ పని చేసిన అధినేత ఎమాన్యుయెల్ ఫాబెర్‌ను బోర్డు సాగనంపింది. పోటీ కంపెనీలతో పోలిస్తే రాబడి తక్కువగా ఉందని కొందరు ఇన్వెస్టర్లు పట్టుబట్టారు. నిబంధనావళి అలాగే ఉంది, మనిషి పోయాడు. ఆయన వ్యాపారం సరిగ్గా నడిపాడా లేదా అనేది వేరే చర్చ, రెండు వైపులా వాదనలున్నాయి. వాటాదారులు ఓటేసినప్పటి ప్రేమ, షేరు పడ్డప్పుడు ఎంత సేపుంటుందో మాత్రం చూశాం.

బయటి ఇన్వెస్టర్లు ఒత్తిడి తెచ్చి మార్చగలరా? కొంతవరకు మార్చగలరు. డైక్, లిన్స్, రోత్, వాగ్నర్ అనే నలుగురు 41 దేశాల కంపెనీలు చూసి, పెన్షన్ ఫండ్ల వంటి సంస్థాగత ఇన్వెస్టర్ల వాటా పెరిగితే పర్యావరణ, సామాజిక పనితీరు మెరుగవుతుందని 2019లో చూపించారు. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆ ఇన్వెస్టర్ ఏ దేశం నుంచి వచ్చాడన్నది ముఖ్యం. ఇలాంటి విషయాల మీద పట్టింపు గట్టిగా ఉన్న సమాజాల నుంచి వచ్చిన డబ్బే ఆ మార్పు తెస్తోంది. డబ్బుకు వాసన లేదంటారు గానీ, ఊరి వాసన మాత్రం ఉన్నట్టుంది.

2021లో ఎక్సాన్‌మొబిల్‌లో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న ఫండ్, సుమారు 0.02 శాతం వాటాతో, బోర్డులో మూడు సీట్లు గెలిచింది. పెద్ద ఫండ్లు మద్దతివ్వబట్టి గెలిచింది. పత్రికలు దావీదు, గొల్యాతు అని రాశాయి. రెండేళ్లకు, 2023లో, అదే ఎక్సాన్ దాదాపు 6,000 కోట్ల డాలర్లతో పయనీర్ అనే ఇంకో చమురు కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. బోర్డులో ముగ్గురు కొత్తవాళ్లు కూర్చున్నంత మాత్రాన చమురు వ్యాపారం చమురు వ్యాపారం కాకుండా పోదు.

బోర్డు కూర్పు గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే దీని మీద పత్రాలు కుప్పలుగా ఉన్నాయి, తేలింది మాత్రం అంతంత మాత్రం. నార్వే 2003లో చట్టం చేసి, 2008 కల్లా పబ్లిక్ కంపెనీల బోర్డుల్లో మహిళలు 40 శాతం ఉండాలంది. ఉన్నారు. కొన్ని కంపెనీలు ఆ నియమం తగలని రూపంలోకి మారిపోయాయి కూడా. బోర్డులో మహిళలు, ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఎక్కువున్న చోట ఈఎస్‌జీ స్కోర్లు బాగుంటాయని చాలా అధ్యయనాలు అంటాయి. ఇందులో ఏది కారణం, ఏది ఫలితం అని అడిగితే చాలావరకు నీళ్లు నములుతాయి. బాగా నడిచే కంపెనీలే అలాంటి బోర్డులను పెట్టుకుంటాయేమో. నేనైతే బోర్డులో ఎవరున్నారన్నదానికన్నా, చెడ్డ వార్త బోర్డుకు ఎన్ని రోజుల్లో చేరుతుంది అని అడుగుతాను.

ఆ చెడ్డ వార్త ఎందుకు చేరదు? పైకి చెబితే తన జీతానికే ఎసరు అని చెప్పాల్సినవాడికి తెలుసు కాబట్టి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే కారణం ఇదే: టార్గెట్లు, బోనస్‌లు.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉద్యోగులకు ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ఖాతాలో, కార్డులో అంటగట్టాలని లక్ష్యం ఉండేది. రోజువారీ టార్గెట్లు, పై నుంచి ఫోన్లు, అందుకోకపోతే ఉద్యోగం పోతుందన్న టెన్షన్. జనం కస్టమర్లకు తెలియకుండా వాళ్ల పేరున ఖాతాలు తెరిచారు. లక్షల్లో తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, మరుసటి నెల అధినేత రాజీనామా చేశాడు. అప్పటికి బ్యాంకు 5,300 మంది ఉద్యోగులను తీసేసి ఉంది. చాలామంది కింది స్థాయివాళ్లే. ఆ బ్యాంకుకు నైతిక నియమావళి లేదా? ఉంది. చక్కగా అచ్చు వేసి ఉంది. నియమావళి తప్పితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, టార్గెట్ తప్పితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మనిషి దేన్ని పాటిస్తాడు చెప్పండి.

ఆస్ట్రేలియాలో 2020 మే నెలలో రియో టింటో అనే గనుల కంపెనీ జూకన్ గార్జ్ దగ్గర రాతి గుహలను పేల్చేసింది. అక్కడ మనుషులు 46,000 ఏళ్లకు పైగా తిరుగాడిన ఆనవాళ్లున్నాయి. అక్కడి మూలవాసులకు అది పవిత్ర స్థలం. పేల్చింది సుమారు 80 లక్షల టన్నుల ఇనుప ఖనిజం అందుకోవడానికి. చట్టప్రకారం అనుమతి ఉంది! అందుకే చట్టం ఒక్కటే సరిపోతుందనే మాట నేను నమ్మను. మొదట బోర్డు ఏం చేసిందో చూడండి: విచారణ జరిపి, ముగ్గురు పై అధికారుల బోనస్‌లు కోసింది. ఇంతేనా అని ఇన్వెస్టర్లు, ముఖ్యంగా ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్లు మండిపడ్డాయి. సెప్టెంబరులో అధినేతతో సహా ముగ్గురూ వెళ్లిపోతారని ప్రకటించారు. ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో నాకు ముఖ్యంగా అనిపించింది ఒకటుంది. స్థానికులతో సంబంధాల బాధ్యతను గని నడిపే మేనేజర్ల మీదే గట్టిగా పెట్టాలన్నారు. ఎంత ఖనిజం తవ్వావని అడిగే చోటే, ఈ గుహ ఏమైందని కూడా అడగాలన్నమాట. వేరే అంతస్తులో, వేరే విభాగంలో, అందమైన నివేదిక రాసే నాలాంటివాడిని అడిగితే లాభం లేదు.

ఇంకో కారణం, కంపెనీ గేటు బయట ఉండేది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందు రోజు గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లోని దుకాణాలు, బ్యాంకు మూసేశారు. పైనున్న బట్టల ఫ్యాక్టరీలవాళ్లను మాత్రం పనికి రమ్మన్నారు. ఆర్డరు గడువు తరుముతోంది. ఆ ఫ్యాక్టరీల్లో కొన్నింటికి, పని పరిస్థితులు తనిఖీ చేసే సోషల్ ఆడిట్లు జరిగినవే. ఆడిటర్ ఫారంలో భవనం నిలబడుతుందా అన్న గడి లేదు. బట్టలు కొనే బ్రాండ్ల పుస్తకాల్లో ఆ కార్మికులు ఉద్యోగులు కారు. కాబట్టి ఏ బ్రాండ్ భద్రతా రికార్డూ చెడలేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకే గానీ, ఆ తర్వాత వచ్చిన అకార్డ్ ఒప్పందం మంచి ఆకే. కార్మిక సంఘాలతో 200కు పైగా బ్రాండ్లు చేసుకున్న, కోర్టులో నిలిచే ఒప్పందం అది. తనిఖీ నివేదికలు బహిరంగంగా పెట్టారు. మరమ్మతు చేయని ఫ్యాక్టరీకి సంతకం చేసిన ఏ బ్రాండూ ఆర్డరు ఇవ్వకూడదు. స్వచ్ఛందంగా చేస్తాం అన్నవాటికీ దీనికీ తేడా, మాట తప్పితే నష్టపోయేవాడు ఎవరో ఇందులో ముందే రాసి ఉంది.

ఆడిటర్ మాట వచ్చింది కాబట్టి బ్రెజిల్ సంగతి ఒక్క మాటలో. 2019 జనవరి 25న బ్రూమాజీన్యూలో వాలే కంపెనీ గని వ్యర్థాల ఆనకట్ట తెగి 270 మంది పోయారు. అది నిలకడగా ఉందని కొన్ని నెలల ముందే ఒక పేరున్న తనిఖీ సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ తనిఖీ సంస్థకు ఫీజు ఇచ్చేది ఎవరు? వాలేనే. మార్కులు వేసే మాస్టారి జీతం మార్కులు పడాల్సిన పిల్లాడే ఇస్తుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇక రాజకీయ గాలి. వాతావరణ లక్ష్యాల కోసం 2021లో ఏర్పడిన నెట్ జీరో బ్యాంకింగ్ అలయన్స్ నుంచి అమెరికా పెద్ద బ్యాంకులు 2024 డిసెంబరు, 2025 జనవరి మధ్య వరసగా బయటికొచ్చేశాయి. ఆ బ్యాంకుల్లో మనుషులు మారలేదు, సైన్సు మారలేదు. అప్పుడు అమెరికాలో అధికారం మారుతోంది, అంతే. పదేళ్ల క్రితం కంపెనీలు, చేయని పని కూడా చేశామని గొప్పలు చెప్పేవి. ఇప్పుడు కొందరు చేసిన పని కూడా చెప్పకుండా దాచుకుంటున్నారు. స్కోరుకీ పనికీ మధ్య దూరం ఈసారి రెండో వైపు నుంచి పెరుగుతోంది.

నా మాట ఇక్కడ ఆపి, ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలోంచి ప్రశ్న: ఈఎస్‌జీ బాగుంటే లాభాలు పెరుగుతాయని రుజువైందా?)

2015లో ఫ్రీడ, బుష్, బాసెన్ అనే ముగ్గురు రెండు వేలకు పైగా అధ్యయనాలు కూర్చి చూస్తే, సుమారు 90 శాతంలో సంబంధం వ్యతిరేకంగా లేదని తేలింది. ఈ వాక్యాన్ని జాగ్రత్తగా వినండి, "లాభం పెరిగింది" అని కాదు, "వ్యతిరేకంగా లేదు" అని. ఇందాక చెప్పిన కడుపు నిండిన బేరం సంగతి కూడా కలుపుకోండి. నాకు ఇంకా ఉపయోగంగా కనిపించింది 2016లో ఖాన్, సెరఫేమ్, యూన్ చేసిన పని. తమ వ్యాపారానికి నిజంగా ముఖ్యమైన అంశాల్లో బాగున్న కంపెనీల షేర్లు మెరుగ్గా రాణించాయి. ముఖ్యం కానివాటిలో మార్కులు తెచ్చుకున్నవాటికి ఆ ఫలితం కనబడలేదు. బ్యాంకు చెట్లు నాటితే ఫొటో వస్తుంది. అప్పు ఎవరికిస్తోందన్నది దాని అసలు పని.

(ప్రశ్న: ఒక కంపెనీ సస్టెయినబిలిటీ రిపోర్టు చేతికిస్తే మీరు ముందు ఏ పేజీ తీస్తారు?)

ఆ రిపోర్టు తీయను. వార్షిక నివేదికలో పై అధికారుల జీతాల పేజీ తీస్తాను. బోనస్‌లో ఎంత భాగం ఈ విషయాలకు ముడిపెట్టారు, దేన్ని కొలుస్తున్నారు అని చూస్తాను. "సుస్థిరత దిశగా పురోగతి" అని రాసి ఉంటే అందరికీ నూటికి నూరు వస్తుంది. "ప్రాణాంతక ప్రమాదాలు సున్నా, ఒక్కటి జరిగినా ఈ భాగం రద్దు" అని ఉంటే కొంచెం నమ్మకం కలుగుతుంది. తర్వాత సస్టెయినబిలిటీ రిపోర్టు తీసి, పోయినేడాదిది కూడా పక్కన పెట్టుకుంటాను. పోయినేడాది ఇచ్చిన లక్ష్యాల్లో ఈ ఏడాది కనబడకుండా పోయినవి ఏవి? ఏ ఏడాదితో పోలుస్తున్నామన్న ఆధార సంవత్సరం మారిందా? మారితే ఎందుకో రాశారా? చివరగా అడుగున చిన్న అక్షరాల్లో, "ఈ అంకెలో ఫలానా యూనిట్లు చేర్చలేదు" అని ఉంటుంది. ఆ యూనిట్ల పేర్లు రాసుకుని, అక్కడ ఏం తయారవుతుందో వెతుకుతాను. చాలాసార్లు నాకు కావలసింది అక్కడే దొరికింది.